డాట్ డీ ఫైల్ ఎక్కడ పడింది?

సీలో ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నారా? అయితే మా కథ వినండి. మైపాడు వైపు ఒక రొయ్యల గుంట మీద చేశాం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తగ్గగానే రాస్‌బెర్రీ పై బోర్డు ఏరియేటర్‌ను ఆన్ చేయాలి. హద్దు లీటరుకు 3 మిల్లీగ్రాములు పెట్టాం. ‘నాలుక్కి కిందికి దిగనీయమాకండి అబ్బయా’ అన్నాడు రైతు.

హెడర్ ఫైల్లో 3 తీసి 4 పెట్టి మేక్ కొట్టాం. ‘అప్ టు డేట్’ అని స్క్రీన్ మీద పడింది. అదేదో శుభవార్త అనుకున్నాం! తెల్లవారుజామున మీటరు 3.6 చూపిస్తోంది, ఏరియేటర్ కదల్లేదు. రైతు చేత్తో స్విచ్ వేశాడు కాబట్టి సరిపోయింది. లేకుంటే ఆ నష్టం మా మార్కులతో తీరేదా?

రెండు రోజులు సెన్సర్‌ను, రిలేను అనుమానించాం. చివరికి మేక్ క్లీన్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే పనిచేసింది. అంటే కొత్త 4 అసలు కంపైలే కాలేదన్నమాట.

ఏ సీ ఫైల్ ఏ హెడర్ మీద ఆధారపడిందో మేక్‌కు తనంతట తెలియదు. జీసీసీకి -ఎంఎండీ అని చెబితే ఆ జాబితాను డాట్ డీ ఫైల్లో రాసి పెడుతుంది. ఎక్కడ? -ఓ తర్వాత ఆబ్జెక్ట్ ఫైల్‌కు ఏ ఫోల్డర్ ఇస్తే అక్కడే. మా ఆబ్జెక్టులు బిల్డ్ ఫోల్డర్‌లోకి పోతున్నాయి, డాట్ డీలూ వాటి వెంటే పోయాయి. మేక్‌ఫైల్లోని ఇన్‌క్లూడ్ లైను మాత్రం సోర్స్ ఫోల్డర్‌లో వెతుకుతోంది. ఇన్‌క్లూడ్ ముందు మైనస్ గుర్తు ఉంటే ఫైల్ దొరక్కపోయినా మేక్ నోరు మెదపదు. మేం ఎక్కడో చూసి కాపీ కొట్టిన లైను అది.

ఇన్‌క్లూడ్‌లో దారి మార్చినా పనైపోయేది. నాకైతే -ఎంఎఫ్ నచ్చుతుంది. డాట్ డీ ఎక్కడ పడాలో దాంతో మనమే చెబుతాం. ఫోల్డర్ పేరును ఒక వేరియబుల్‌లో పెట్టి, రెండు చోట్లా దాన్నే వాడండి. ఆ ఫోల్డర్‌ను ముందే సృష్టించాలి, జీసీసీ సృష్టించదు. -ఎంపీ కూడా కలపండి. రేపు ఏదైనా హెడర్‌ను తీసేసినా బిల్డ్ ఆగిపోదు. పాత పాఠాల్లో కనిపించే -ఎంఎం వాడితే ఇంకో తిరకాసు: జాబితాలో టార్గెట్ పేరుకు ఫోల్డర్ ఉండదు. అప్పుడు -ఎంటీతో పూర్తి పేరు ఇవ్వాలి.

మేక్ పుట్టుక కూడా ఇలాంటి తిప్పల్లోంచే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఒక బగ్‌ను సరిచేసి, ఆ ఫైల్‌ను మళ్లీ కంపైల్ చేయడం మరిచి, ఉదయమంతా వెతుకుతూ కూర్చున్నాడు. అది విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాశాడు.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘హెడర్ మారిందని మేక్‌కు ఎలా తెలుస్తుంది?’ అని అడిగారు. గుంట దగ్గర జరిగిందే చెప్పాను. మీ ప్రాజెక్టులో ఈ రాత్రే ఒక హెడర్‌ను టచ్ చేసి మేక్ కొట్టి చూడండి. ‘అప్ టు డేట్’ అని వస్తే డాట్ డీ కోసం వెతకండి.