ఫారిన్ ట్రిప్‌కి ఏ క్రెడిట్ కార్డ్? పెబ్బేరు నుంచి సింగపూర్ దాకా మా లెక్క

ఫోన్ కొనేటప్పుడు మనం ప్రాసెసర్ చూస్తాం, బ్యాటరీ చూస్తాం, చార్జింగ్ స్పీడ్ చూస్తాం, చివరికి బాక్స్‌లో చార్జర్ ఉందా లేదా అని కూడా చూస్తాం. క్రెడిట్ కార్డ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లాంజ్ యాక్సెస్, వెల్‌కమ్ ఓచర్, కార్డు మెటల్‌దా ప్లాస్టిక్‌దా అన్న దగ్గరే ఆగిపోతాం. ఇండియాలో వాడినంత కాలం దీంతో పెద్ద నష్టం లేదు. కానీ అదే కార్డు పాస్‌పోర్ట్‌తో పాటు విమానం ఎక్కితే, స్పెక్ షీట్‌లో అడుగున చిన్న అక్షరాల్లో రాసిన ఒక్క లైన్ మన జేబుకు చిల్లు పెడుతుంది. ఆ లైన్ పేరు ఫారిన్ కరెన్సీ మార్కప్.

ఈ లెక్కంతా నేను కూర్చుని వేయడానికి కారణం మా అక్క. ఆమె సింగపూర్‌లో ఉంటుంది, కాన్పు టైమ్ దగ్గరపడింది. అమ్మ, నాయిన ఇద్దరే మూడు వారాలకు వెళ్లాలి. ఇద్దరికీ అదే మొదటి విమానం. పల్లికాయ అమ్మిన డబ్బుల్లోంచి ఖర్చులకు లక్షన్నర పక్కన పెట్టారు. నాయిన అడిగింది ఒకటే ప్రశ్న: "కార్డు గీకితే ఎంత కోత పడ్తది రా?" ఈ ఆర్టికల్ ఆ ప్రశ్నకు జవాబే.

కోత ఎంత? ముందు నంబర్లు

మన దగ్గర చాలా కార్డులకు ఫారెక్స్ మార్కప్ 3.5 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే 4.13 శాతం. ప్రీమియం కార్డుల్లో కొన్నింటికి మార్కప్ 2 శాతం ఉంటుంది, జీఎస్టీతో 2.36 అవుతుంది. ఇక జీరో ఫారెక్స్ కార్డులకు ఈ కోతే ఉండదు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ఆరోజు ఇచ్చే మారకం రేటు ఎంతో, బిల్లు అంతే.

లక్షన్నర ఖర్చు మీద ఇది ఇలా ఉంటుంది:

- 3.5 శాతం కార్డు: రూ. 6,195 కోత
- 2 శాతం కార్డు: రూ. 3,540 కోత
- జీరో ఫారెక్స్ కార్డు: కోత లేదు

"అన్నా, నా కార్డుకి రివార్డ్ పాయింట్స్ వస్తాయి కదా" అంటారా? వస్తాయి. ఒక శాతం విలువ చేసే పాయింట్లు వచ్చాయనుకుంటే రూ. 1,500 వెనక్కి వచ్చినట్టు. అయినా రూ. 4,695 పోయినట్టే. మార్కప్‌ని దాటేంత రివార్డ్ ఇచ్చే కార్డులు చాలా తక్కువ, వాటి వార్షిక ఫీజు కూడా ఆ రేంజ్‌లోనే ఉంటుంది.

వార్షిక ఫీజు ఉన్న జీరో ఫారెక్స్ కార్డు తీసుకోవచ్చా? అదీ లెక్కే. ఫీజు రూ. 3,000 అనుకుంటే జీఎస్టీతో రూ. 3,540. అంటే 3.5 శాతం కార్డుతో పోలిస్తే, ఏడాదిలో బయట దేశంలో సుమారు రూ. 86,000 ఖర్చు దాటాకే ఆ ఫీజు గిట్టుబాటు. ఫీజు లేని 2 శాతం కార్డు ఇప్పటికే మీ చేతిలో ఉంటే, లక్షన్నర దాటితే గానీ లాభం మొదలవదు. ట్రిప్ చిన్నదైతే ఫీజు లేని కార్డే బెస్ట్.

జిల్లాలో ఉండేవాళ్లకు కార్డ్ దొరకడమే మొదటి టాస్క్

యూట్యూబ్‌లో చూసిన కార్డుకి అప్లై చేశాను. ఒక చోట "మీ పిన్‌కోడ్‌కి సర్వీస్ లేదు" అని వచ్చింది. ఇంకో చోట శాలరీ స్లిప్ అడిగారు. నాది ఫ్రీలాన్స్ పని, నాయినది వ్యవసాయం, స్లిప్ ఎక్కడినుంచి తేవాలి? 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్న ఊరే, అటు కర్నూలు ఇటు మహబూబ్‌నగర్, అయినా ఇదీ పరిస్థితి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అప్లై చేసిన ప్రతిసారీ క్రెడిట్ రిపోర్ట్‌లో ఎంక్వైరీ నమోదవుతుంది. వారంలో అయిదు కార్డులకు అప్లై చేస్తే ఆరోది ఇచ్చేవాడు కూడా అనుమానంగా చూస్తాడు. అందుకే రెండు దగ్గరే ఆపాను.

దీనికి సరైన దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. ఎఫ్‌డీ చేస్తాం, అదే బ్యాంకుకి హామీ. శాలరీ స్లిప్ అక్కర్లేదు, పాత సిబిల్ స్కోర్ లేకపోయినా పర్వాలేదు. ఎఫ్‌డీ మీద వడ్డీ మాత్రం మామూలుగానే వస్తుంది. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్ కార్డు ఈ రకంగానే, జీరో ఫారెక్స్ మార్కప్‌తో పేరు తెచ్చుకుంది. స్క్రీనింగ్ దాటగలిగే ఉద్యోగులకైతే ఫెడరల్ బ్యాంక్‌తో వచ్చిన స్కాపియా కూడా అదే జాబితాలో ఉంటుంది. కానీ ఒక మాట. కార్డు ఫీచర్లు ఫోన్ ధరల్లాగే మారిపోతుంటాయి. అప్లై చేసే రోజు బ్యాంక్ సైట్‌లో ఉన్న చార్జీల పట్టిక తెరిచి, మార్కప్ లైన్ మీ కళ్లతో చదవండి.

మేం నాయిన పేరు మీదే ఎఫ్‌డీ చేసి జీరో ఫారెక్స్ కార్డు తీసుకున్నాం. వీడియో కేవైసీకి ఒరిజినల్ పాన్ కార్డు చేతిలో ఉండాలి, లొకేషన్ ఆన్ చేయాలి, నెట్ సిగ్నల్ బాగుండాలి. ఇంట్లో సిగ్నల్ ఆగి ఆగి వస్తుంటే మిద్దె మీదకెక్కి చేశాం. పది నిమిషాల పని.

రెండో కార్డు ఎందుకంటే

ఒకే కార్డుతో పంపితే అది బ్లాక్ అయినా, పోయినా అంతే సంగతులు. అందుకే నా పాత కార్డు మీద అమ్మ పేరుతో యాడ్ ఆన్ కార్డు తీశాను. దానికి మార్కప్ 3.5 శాతమే, కానీ అది బ్యాకప్ మాత్రమే. రెండు కార్డులూ వేరే వేరే బ్యాంకులవి, వేరే వేరే నెట్‌వర్క్‌లవి ఉండేలా చూశాను. యాడ్ ఆన్ కార్డు ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది కాబట్టి అటు అమ్మకు, ఇటు నాకు ఇద్దరికీ నిశ్చింత.

సింగపూర్‌లో రెండో కార్డుకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. అక్కడి మెట్రో రైలు, బస్సుల్లో కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్‌లను నేరుగా ట్యాప్ చేసి ఎక్కొచ్చు. కానీ ఒక కార్డు ఒక్కరికే. ఇద్దరు ప్రయాణిస్తే రెండు కార్డులుండాలి, ఎక్కేటప్పుడు ఏ కార్డు ట్యాప్ చేస్తే దిగేటప్పుడూ అదే. విదేశీ కార్డులకు చిన్న అడ్మిన్ ఫీజు పడుతుంది. ఎక్కువ రోజులుంటే అక్కడి ట్రావెల్ కార్డు కొనుక్కోవడమే నయం.

అసలు ఉచ్చు: "రూపాయల్లో కడతారా?"

జీరో ఫారెక్స్ కార్డు చేతిలో ఉన్నా డబ్బు పోయే దారి ఒకటుంది. షాపులో కార్డు పెట్టగానే మెషిన్ స్క్రీన్ మీద రెండు ఆప్షన్లు వస్తాయి: సింగపూర్ డాలర్లలో కడతారా, ఇండియన్ రూపాయల్లో కడతారా? మనకు రూపాయి తెలిసిన ముఖం కాబట్టి చెయ్యి అటే పోతుంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ అంటారు. ఇక్కడ మారకం రేటు మన బ్యాంకుదీ కాదు, వీసాదీ కాదు. ఆ మెషిన్ నడిపే కంపెనీ తన లాభం కలుపుకుని చెప్పిన రేటు.

ఉదాహరణకు ఒక సింగపూర్ డాలర్ 68 రూపాయలు అనుకుందాం. 100 డాలర్ల బిల్లు జీరో ఫారెక్స్ కార్డు మీద డాలర్లలో కడితే రూ. 6,800. డీసీసీ రేటు 5 శాతం ఎక్కువ ఉంటే రూ. 7,140. మన బ్యాంకుల్లో కొన్ని ఇలాంటి లావాదేవీ మీద ఒక శాతం విడిగా వేస్తాయి, జీఎస్టీ కలిపితే ఇంకో రూ. 84. మొత్తం రూ. 7,224. ఒక్క బటన్‌కి 424 రూపాయలు.

ఇది నాయినకు చెప్తే ఆయన నాకంటే బాగా చెప్పిండు: "సంతల దళారి తువ్వాల కింద వేళ్లు పట్టుకున్నట్టే గదరా. రేటు వానికే ఎరుక." పెబ్బేరు సంతలో పశువుల బేరం చూసినవాళ్లకు డీసీసీ గురించి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రం. అందుకే ఇద్దరి ఫోన్లలో వాల్‌పేపర్ మార్చాను. రూపాయి గుర్తు మీద ఎర్ర గీత, డాలర్ గుర్తు పక్కన పచ్చ టిక్కు. నాయినకు "సింగపూర్ డాలర్, ప్లీజ్" అన్న మూడు మాటలు నేర్పాను. మూడు వారాల్లో ఎక్కువ పనికొచ్చిన ఇంగ్లిష్ అదే. స్టేట్‌మెంట్ వచ్చాక ఒక్కో లైన్ చూశాను, డీసీసీ ఒక్కటి కూడా లేదు.

విమానం ఎక్కేముందు యాప్‌లో చేయాల్సిన సెట్టింగ్స్

ఆర్‌బీఐ 2020 నిబంధనల ప్రకారం కొత్త కార్డు మొదట దేశీయ వాడకానికే పనిచేస్తుంది. ఇంటర్నేషనల్ స్విచ్ మనమే ఆన్ చేయాలి. నేను చేసినవి ఇవి:

- ఇంటర్నేషనల్‌లో షాప్ మెషిన్, కాంటాక్ట్‌లెస్ మాత్రమే ఆన్. ఆన్‌లైన్, ఏటీఎం ఆఫ్. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు, కార్డు నంబర్ దొరికితే చాలు. అందుకే ఆన్‌లైన్ అవసరమైన పూటే ఆన్ చేయాలి.
- రోజువారీ లిమిట్ తగ్గించి పెట్టడం.
- పిన్ నంబర్ ముందే సెట్ చేసి, ఇక్కడి షాపులో ఒకసారి వాడి చూడటం.
- సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే యాక్టివేట్ చేయించడం. లేకపోతే అలర్ట్ మెసేజ్ రాదు, ఓటీపీ రాదు.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం చాలా కార్డుల్లో ఖరీదైన పని. సాధారణంగా 2.5 శాతం లేదా కనీసం రూ. 500 ఫీజు, పైగా తీసిన రోజు నుంచే వడ్డీ. కొంచెం నగదు ఇక్కడే మార్చుకుని వెళ్లండి.

తెలియని లావాదేవీ కనిపిస్తే వెంటనే బ్లాక్ చేసి బ్యాంకుకి చెప్పాలి. మన తప్పు లేకుండా బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంక్ సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టభారం ఉండదని ఆర్‌బీఐ 2017లోనే చెప్పింది. ఆ మెసేజ్ చూడకపోతే ఆ రక్షణ సన్నబడుతుంది. రోమింగ్ మీద అంత పట్టు పట్టింది అందుకే.

లిమిట్: ఎవరూ చెప్పని స్పెక్

ఎఫ్‌డీ కార్డు లిమిట్ ఎఫ్‌డీ మొత్తాన్ని బట్టే. హోటళ్లు, రెంటల్ కార్ల వాళ్లు ముందే కొంత మొత్తం హోల్డ్‌లో పెడతారు, ఆ మేరకు లిమిట్ తగ్గిపోతుంది. మాకు హోటల్ లేదు కానీ వేరే భయం ఉంది. నాయినకు బీపీ. పరాయి దేశంలో హాస్పిటల్ డిపాజిట్ అడిగితే? ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం, అయినా క్లెయిమ్ డబ్బు చేతికొచ్చేలోపు కార్డే ఆదుకోవాలి. అందుకే ఎఫ్‌డీ లక్షన్నర కాదు, రెండున్నర లక్షలు చేశాం. అదనపు లక్ష వాడాల్సిన అవసరం రాలేదు, వడ్డీతో అలాగే ఉంది.

మరి గ్యాడ్జెట్ కొంటే?

సింగపూర్‌లో జీఎస్టీ 9 శాతం. టూరిస్టులు ఆ స్కీమ్‌లో ఉన్న షాపులో కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు చేస్తే, ఎయిర్‌పోర్ట్‌లో రిఫండ్ అడగొచ్చు. షాపులో పాస్‌పోర్ట్ చూపించాలి. సర్వీస్ ఫీజు పోతుంది కాబట్టి మొత్తం 9 శాతం చేతికి రాదు. 3.5 శాతం మార్కప్ కార్డుతో కొంటే ఆ రిఫండ్‌లో దాదాపు సగం బ్యాంకే తినేస్తుంది. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో, మన కస్టమ్స్ పరిమితి ఎంతో చూసుకున్నాకే కొనండి.

ఫైనల్ వెర్డిక్ట్

ఉద్యోగం, మంచి స్కోర్ ఉంటే ఫీజు లేని జీరో ఫారెక్స్ కార్డు. స్టూడెంట్ అయినా, రైతు కుటుంబమైనా, ఫ్రీలాన్సర్ అయినా ఎఫ్‌డీ మీద ఇచ్చే జీరో ఫారెక్స్ కార్డు. ఏడాదికి ఒకటే చిన్న ట్రిప్ అయితే లాంజ్ కోసం వేలల్లో ఫీజు కట్టకండి. ఏ కార్డైనా సరే, పక్కన వేరే నెట్‌వర్క్‌ది ఒకటి బ్యాకప్. మెషిన్ అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీనే. కార్డు రావడానికి, కేవైసీకి, రోమింగ్‌కి టైమ్ పడుతుంది కాబట్టి టికెట్ బుక్ చేసిన రోజే అప్లై చేయండి. తిరిగొచ్చిన రోజు ఇంటర్నేషనల్ స్విచ్ ఆఫ్ చేయడం మాత్రం మర్చిపోకండి.