లాంటానా పీకాక ఏం మొలుస్తుంది?

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో 1997లో పరిశోధకులు అడవి అంతటా గళ్ళు గీసుకుని, ఏ గడిలో ఏ మొక్క ఉందో నమోదు చేశారు. నూటికి 41 గళ్ళలో లాంటానా కనిపించింది. 2008లో మళ్ళీ వెళ్ళి చూస్తే అది 81 గళ్ళకు పాకింది. పదకొండేళ్ళలో ఒక పొద ఒక అడవిని ఇంతగా ఎలా ఆక్రమించగలిగింది?

లాంటానా మనకు కొత్త కాదు. మన పల్లెల్లో తలంబ్రాల మొక్క అనేది దీన్నే. నల్లమలలోనూ శేషాచలంలోనూ దారి పక్కన పొదలు పొదలుగా ఉంటుంది. దాని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. 19వ శతాబ్దం మొదట్లో ఆంగ్లేయులు పూల అందం చూసి కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా విస్తీర్ణంలో ఇప్పుడు ఇదే ఉంది.

ఒక పూలగుత్తిని దగ్గరగా చూడండి. నడుమ పసుపు, అంచుల్లో గులాబీ. అంచు పూలు ముందు విచ్చుకుంటాయి, పరాగం అందాక రంగు మార్చుకుంటాయి. సీతాకోకచిలుకలు పసుపు పూలనే వెతుక్కుంటాయి కాబట్టి, పని అయిపోయిన పూల దగ్గర వాటి సమయం వృథా కాదు. తర్వాత వచ్చే నల్లటి చిన్న పండ్లను పికిలిపిట్టలూ గోరువంకలూ తిని, దూరంగా ఏదో చెట్టు కొమ్మ మీద వాలి గింజలు జారవిడుస్తాయి. ఆకులో విషం ఉంది. తిన్న పశువుకు కాలేయం దెబ్బతిని, ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. అందుకే మేకా దుప్పీ పక్కనున్న గడ్డినే కొరుకుతాయి, లాంటానా మిగిలిపోతుంది.

ఇన్ని బలాలున్నా, చెట్లు దట్టంగా ఉండి నేలమీద నీడ పరుచుకున్న చోట అది పెద్దగా ఎదగలేదు. దానికి వెలుతురు కావాలి. కలప కొట్టిన చోట, పశువులు నేలను తొక్కి గడ్డిని తినేసిన చోట, రోడ్డు వేసిన చోట అది దూరుతుంది. అంటే అడవి ముందే దెబ్బతిని ఉంటుంది, లాంటానా ఆ సందులోంచి వస్తుంది. వచ్చాక మాత్రం ఆ గాయాన్ని మాననివ్వదు. కింద చెట్ల మొలకలకు వెలుతురు అందదు, గడ్డి చచ్చిపోతుంది. ఎండు కొమ్మల గుబురుకు నిప్పంటుకుంటే మంట చెట్ల కొమ్మల దాకా ఎగబాకుతుంది. చెట్లు మాడిపోయినా లాంటానా వేరు మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది.

నిప్పు గురించి బిళిగిరి కొండల్లో తరతరాలుగా ఉంటున్న సోలిగ ఆదివాసులు చెప్పేది వేరు. వాళ్ళు ఎండాకాలం ముదరకముందే రాలిన ఆకులకు నిప్పు పెట్టేవాళ్ళు. చిన్న మంట నేలమీదే పాకి ఆరిపోయేది. లేత లాంటానా మొక్కలు అందులో పోయేవి, ఉసిరి చెట్లను పీల్చే బదనిక కూడా అదుపులో ఉండేది. 1974లో ఆ కొండలు అభయారణ్యమయ్యాక ఆ నిప్పు ఆగిపోయింది. ఆ తర్వాతే లాంటానా పెరిగిందని సోలిగల మాట. దాన్ని పరిశోధకులు తీసిపారేయలేదు, వాళ్ళను కూర్చోబెట్టి అడిగి శాస్త్ర పత్రికల్లో రాశారు. నాకది చాలా న్యాయంగా తోస్తుంది.

బయటి మొక్క వస్తే అన్నిచోట్లా ఇదే జరుగుతుందా? కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో ద్వీపంలో మరోలా జరిగింది. చెరకు, కాఫీ, పొగాకు సాగు కోసం నరికేయగా 1940ల నాటికి అక్కడ అడవి పదో వంతు కూడా మిగల్లేదు. తర్వాత జనం పట్నాల్లో ఫ్యాక్టరీ పనులకు వెళ్ళిపోయారు, సారం పోయిన పొలాలు బీడుపడ్డాయి. ఆ నేలలో ముందు లేచింది ఆఫ్రికా టులిప్ చెట్టు. మన ఊళ్ళలో రోడ్ల పక్కన ఎర్రటి పూలతో కనిపించేది అదే. ఏరియల్ లూగో అనే అటవీ శాస్త్రవేత్త విదేశీ చెట్ల తోటల్లో, అడవుల్లో నేల దగ్గరి మొక్కలను లెక్కపెట్టించాడు. ఆ నీడలో స్థానిక జాతుల మొలకలు పెరుగుతున్నాయని తేలింది. శాస్త్రలోకం ఈ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఇవాళ ఆ ద్వీపంలో సగానికి పైగా మళ్ళీ అడవే. అరుదైన స్థానిక జాతులన్నీ తిరిగి రాలేదు కానీ, మట్టి నిలిచింది, నీడ వచ్చింది.

తేడా మొక్క తీరులో ఉంది. టులిప్ చెట్టు ఎత్తుగా పెరిగి కింద చోటు వదులుతుంది. దాని పిల్లలు దాని నీడలో ఎదగలేవు, స్థానిక మొక్కలు ఎదుగుతాయి. లాంటానా నేలమట్టానే అల్లుకుపోయి ఆ చోటునే మూసేస్తుంది. కాబట్టి స్వదేశీనా విదేశీనా అన్నదొక్కటే అడిగితే చాలదు. కింద మొలకెత్తడానికి చోటిస్తోందా అన్నది అసలు ప్రశ్న.

మన ఆకురాల్చే అడవుల్లో లాంటానాను తీయాల్సిందే, నాకందులో సందేహం లేదు. తీసే పద్ధతే ముఖ్యం. పైన నరికితే రెట్టింపు చిగుళ్ళు వస్తాయి. యంత్రంతో దున్నితే నేల కదిలి, నిద్రలో ఉన్న గింజలన్నీ లేస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అడవిలో వాడిన పద్ధతి చాలా చిన్నది. కాయ పండకముందే, కాండం వేరుగా మారే చోటికి కాస్త కింద, నేలలో 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరును తెంచుతారు. పొదను ఎత్తి తలకిందులుగా పెడతారు, వేరు మట్టిని అందుకోలేక ఎండిపోతుంది. మట్టి దాదాపు కదలదు. పక్షులు వాలే చెట్ల కింద కొత్త మొలకలను ఆ తర్వాత చేత్తో ఏరేస్తారు.

ఖాళీ అయిన చోట ఏం వేస్తామన్నది అంతకన్నా పెద్ద పని. వదిలేస్తే వయ్యారిభామ వస్తుంది, లేదా మళ్ళీ లాంటానాయే. లాంటానా గుబుర్లలో పగలు ఎలుగుబంట్లు పడుకుంటాయి, చిన్న పిట్టలు దాక్కుంటాయి. అంతా ఒక్కసారే ఊడ్చేస్తే వాటికి దిక్కుండదు. కొంచెం కొంచెంగా తీయాలి, తీసిన చోట స్థానిక గడ్డి జాతుల విత్తనం చల్లాలి, గడ్డి నిలదొక్కుకునే దాకా పశువులను ఆపాలి. ఆ విత్తనం సేకరించడానికి అడవి అంచు ఊళ్ళవాళ్ళకు కూలి కట్టివ్వాలి. ఏ గడ్డి ఏ నెలలో కంకి వేస్తుందో తెలిసింది వాళ్ళకే.