స్నేహితుని మనసు ఎంతవరకు తెలియును?

ధవళేశ్వరము గోదావరి గట్టుమీద సాయంత్రము చేరిన పిల్లలు ఆడదగిన ఆట యొకటి కలదు. దీనికి కావలసినవి కాగితము, పెన్సిలు మాత్రమే. అవును, కాదు అని జవాబు చెప్పదగిన ప్రశ్నలు పది అడుగుదురు. ఒకడు తన జవాబులు వ్రాసి కాగితము మడిచి దాచును. వాని స్నేహితుడు ఆ జవాబులను ఊహించి చెప్పును. పదింటికి ఏడు సరిపోయినచో ‘వాని మనసు నాకు తెలియదా?’ అని పొంగిపోవును. నిజముగా తెలిసినదా? లెక్క వేసి చూడవలెను.

బొమ్మా బొరుసా వేసి చెప్పినను పదింటికి సగటున అయిదు సరిపోవును. ఎనిమిదిగాని అంతకు మించిగాని కుదురు అవకాశము 1,024లో 56, అనగా నూటికి సుమారు అయిదున్నర. నలుబదిమంది ఉన్న తరగతిలో, ఎవరి మనసూ తెలియకుండగనే, సగటున ఇద్దరికి ఎనిమిదో అంతకన్న ఎక్కువో వచ్చును.

అంతేకాదు. ‘వరద వచ్చినప్పుడు బ్యారేజి చూడబోవుదువా?’ అని ఈ ఊరి పిల్లవానిని అడిగిన, కాదనువాడెవడు? అట్టి ప్రశ్నలు నాలుగున్నచో నాలుగు మార్కులు ఊరకనే వచ్చినట్లు. మిగిలిన ఆరింటిలో గుడ్డిగా మూడు. మొత్తము ఏడు! పొంగిపోయినవాని మార్కులు ఇవియే కావచ్చును.

సరిచూచుటకు సులువైన ఉపాయమున్నది. రాముడు కృష్ణుని గూర్చి చేసిన ఊహలను కృష్ణుని జవాబులతోనే గాక, తరగతిలో మరి అయిదారుగురి జవాబులతో గూడ పోల్చవలెను. అందరితోను ఏడే కుదిరినచో రాముడు ఎరిగినది కృష్ణుని గాదు, ఊరిని. కృష్ణునితో తొమ్మిది, ఇతరులతో ఆరు కుదిరినచో ఆ ఎక్కువైన మూడే స్నేహము వలన వచ్చినవి. ఇట్టి మార్కులను విడదీయక కలిపి చూచుటలోని పొరపాటును అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు లీ క్రాన్‌బాక్ 1955లో వివరించెను.

మరి ఊహ ఎక్కడ పుట్టును? చాలవరకు మనలోనే. 1977లో లీ రాస్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను, ముందు వెనుక ప్రకటన బోర్డులు తగిలించుకొని ఆవరణలో తిరుగుదురా అని అడిగిరి. ఒప్పుకొన్నవారు నూటికి సుమారు 62 మంది తమవలె ఒప్పుకొందురనిరి. నిరాకరించినవారు సుమారు 67 మంది నిరాకరింతురనిరి. రెండును ఒకేసారి నిజము కానేరవు.

ధవళేశ్వరము వంటి చోట ఇది ఆటతో పోవు సంగతి కాదు. బ్యారేజి వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వద్ద రెండవది, 17.75 వద్ద మూడవది ఇత్తురు. 1986 ఆగస్టు వరదలో ఇచ్చట సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. లంకలలో ఒక ఇంటివాడు ‘ఎవరును కదలరు’ అని తలచుట, తనకు కదలుట ఇష్టము లేనందువలన కావచ్చును. పొరుగువాడు ఆసరికే మూట కట్టుకొని పడవకై చూచుచుండును. ఒక్కమాట అడిగినచో తెలిసిపోవును.

తరగతిలో ఈ ఆట ఆడించు ఉపాధ్యాయుడు అభిప్రాయభేదమున్న ప్రశ్నలనే ఏరుకొనవలెను. ఆత్రేయపురము పూతరేకులకన్న తాపేశ్వరము కాజా రుచియా? పరీక్షకు తెల్లవారుజామున చదువుట మేలా? ఊహించువాడు తన సొంత జవాబును గూడ పక్కన వ్రాసికొనవలెను. ఊహలు స్నేహితుని జవాబులతో ఎన్ని కలిసినవో, తన జవాబులతోనే ఎన్ని కలిసినవో అప్పుడు కనబడును.