ఊరంతటికీ ఒక పుస్తకము

గ్రంథాలయమనగా పుస్తకములు దాచు గది మాత్రమే కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన పిమ్మట, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు దానిని ప్రజోద్యమముగా తీర్చిరి. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల మధ్య పుస్తకములు కాలువపై పడవలో సాగి పాఠకులను చేరినవి. 1998లో అమెరికాలోని సియాటిల్ నగర గ్రంథాలయము మరొక మార్గము చూపినది: ఊరివారందరు ఒకే పుస్తకమును చదివి, ఒకచోట కూడి చర్చించుట.

మన గజపతినగరమునకు ఈ పద్ధతి తగినదే. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడిన 'కన్యాశుల్కము'లోని పలుకుబడి మన ప్రాంతపుదే. చదువురాని వారికిని చదివి వినిపించవచ్చును. ఆనాడు కన్యకు వెల కట్టిరి. నేడు వరునికి కట్టుచున్నారు. ఈ బాధ ఏ మతము వారికిని కొత్త కాదు. కనుక చర్చ తెలుగులోను, ఉర్దూలోను సాగవలెను. నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములు ఇందుకు అనువైన కాలము.

ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లించియు చదువకుండుట, మన సొమ్మును మనమే బీరువాలో బంధించుట. కళాశాల కార్యవర్గము వారు చొరవ చూపినచో, విద్యార్థులము ఇంటింటికి వెళ్ళి చదివి వినిపించుటకు సిద్ధముగా నున్నాము.