సానియా సింగిల్స్ ఎందుకు వదిలేసింది, డబుల్స్ అంటే సగం ఆటేనా?

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి సగం కథ తెలుసు. నలభై నిమిషాల్లో అన్నీ చెప్పలేకపోయాను. పైగా మధ్యలో మా రూమ్‌లో ఎవరో కుక్కర్ పెట్టారు, ఆ విజిళ్లు మీరూ విన్నారు. అందుకే మిగిలింది ఇక్కడ రాస్తున్నా.

దీనికి మొదలు ఒక వాయిస్ మెసేజ్. జగిత్యాల తమ్ముడొకడు పంపాడు. అబుదాబిలో స్టీల్ ఫిక్సర్. పదేళ్లుగా కడ్డీలకు వైరు చుట్టీ చుట్టీ, కుడి మణికట్టు దెబ్బతింది. బరువు పని వద్దన్నాడు డాక్టరు. కంపెనీ వాళ్లేమో బ్యాంక్స్‌మన్ ట్రైనింగ్‌కి పంపుతాం, క్రేన్ దగ్గర సిగ్నల్స్ ఇచ్చే పని చెయ్యి అంటున్నారు. జీతం మొదట కొంచెం తక్కువ, ఓవర్‌టైమ్ కూడా తక్కువే. వాడి బాధ డబ్బు ఒక్కటే కాదు. "అన్నా, సానియా మీద ఎపిసోడ్ చేస్తనన్నవ్ గదా. మా రూమ్‌ల లొల్లి నడుస్తుంది. సింగిల్స్ ఆడుడు చాత గాకనే డబుల్స్ ఆడిందంటున్నరు. నిజమేనా? నన్ను గూడ గట్లనే అంటరు గావచ్చు" అన్నాడు.

చివరి మాట దగ్గర నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే ముందు అనుకున్న స్క్రిప్టు పక్కన పెట్టేశా.

ముందు సింగిల్స్ సంగతే చూద్దాం. చాతగాక అనేవాళ్లు 2005 మర్చిపోయినట్టున్నారు. ఆ ఏడు జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండుకి వెళ్లి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. భారత మహిళల్లో అది మొదటిది. ఆ వెంటనే ఇక్కడ దుబాయ్‌కి వచ్చి, అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాను వరస సెట్లలో ఓడించింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఏడాది చివర్లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. 2007 ఆగస్టుకి సింగిల్స్ ర్యాంకు 27. ప్రపంచం మొత్తం మీద 27 అన్నా. మన దేశం నుంచి ఆ అమ్మాయికి ముందు మహిళలెవరూ అక్కడి దాకా పోలేదు, తర్వాత కూడా పోలేదు.

మరి ఎందుకు వదిలేసింది? ఒళ్లు సహకరించలేదు. మోకాళ్లు, మణికట్టు, ఆపరేషన్లు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మొదటి రౌండ్ మ్యాచ్ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆమె ఆటంతా ఫోర్‌హ్యాండ్ మీదే నడుస్తుంది. అంత గట్టిగా కొట్టేవాళ్లు అప్పట్లో చాలా తక్కువ. ఆ దెబ్బ పుట్టేది మణికట్టు నుంచే. అంటే ఏ చెయ్యి కూడు పెట్టిందో అదే చెయ్యి మొరాయించింది. 2012 తర్వాత సింగిల్స్ పూర్తిగా పక్కన పెట్టి డబుల్స్‌కే పరిమితమైంది.

కాబట్టి తమ్ముడి రూమ్మేట్ల మాటలో కొంచెం నిజం ఉంది, దాన్ని దాచడం ఎందుకు? ఒంట్లో ఇబ్బంది లేకపోతే ఆమె సింగిల్స్ వదిలేదే కాదు. ఇష్టపడి కాదు, తప్పక మారింది. అయితే మారిన తర్వాత ఏం చేసిందన్నది వేరే లెక్క.

డబుల్స్ ఎట్లా నడుస్తుందో తెలియనివాళ్లకి కొంచెం చెప్తా, లేకపోతే ఆ లెక్క అర్థం కాదు.

కోర్టు పొడవు రెండింటికీ ఒకటే, 78 అడుగులు. వెడల్పు సింగిల్స్‌కి 27 అడుగులు, డబుల్స్‌కి 36. అటూ ఇటూ నాలుగున్నర అడుగుల చొప్పున కలుస్తుంది. మనిషి ఇంకొకరు వచ్చారు గానీ, స్థలం మూడో వంతే పెరిగింది. అంటే ఖాళీ తగ్గింది. ఎదురుగా ఒకరు నెట్ దగ్గర కాచుకుని ఉంటారు. బంతి కొంచెం ఎత్తులో పోయిందా, మన కాళ్ల దగ్గరే గుచ్చేస్తారు. సింగిల్స్‌లో లాగా వెనక నిలబడి ఇరవై దెబ్బలు కొట్టుకుంటూ కూర్చోవడం కుదరదు. పరుగు తక్కువ, నిజమే. దెబ్బ తిన్న మోకాలికి అది మంచిదే. కానీ ఆలోచించుకునే టైమ్ కూడా తక్కువే.

టీవీలో చూసుంటారు, సర్వీసుకి ముందు నెట్ దగ్గరున్న మనిషి చెయ్యి వీపు వెనక పెట్టి వేళ్లతో ఏదో చూపిస్తుంది. ఈ బంతికి నేను పక్కకి దూకుతా, లేదా ఉన్నచోటే ఉంటా అని సైగ. వెనక సర్వీసు చేసే మనిషి ఆ వేళ్లు చూసి దానికి తగ్గట్టు కొట్టాలి. ఒకరు దూకి, ఇంకొకరు ఖాళీ అయిన చోటికి పోకపోతే పాయింటు పోయినట్టే. (క్రేన్ ఆపరేటర్‌కి కింద మనిషి కనిపించకపోతే పైన లోడు ఏమవుతుందో మన సైట్ వాళ్లకి చెప్పక్కర్లేదు.)

ఇంకోటి, మామూలు టూర్ టోర్నమెంట్లలో డబుల్స్‌కి లెక్కలు పొట్టివి. గేమ్‌లో 40-40 అయితే అడ్వాంటేజ్ ఉండదు, ఒక్క పాయింటుతో తేలిపోతుంది. చెరో సెట్టు గెలిస్తే మూడో సెట్టు బదులు పది పాయింట్ల సూపర్ టైబ్రేక్. గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్‌లో మాత్రం మూడో సెట్టు ఆడతారు. అందువల్ల ఎంత మంచి జోడీ అయినా ఒక చెడ్డ పది నిమిషాల్లో ఇంటికి పోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇక జోడీ. ఎపిసోడ్ తర్వాత ఎక్కువ మంది అడిగింది ఇదే, పార్ట్‌నర్‌ని ఎవరిస్తారు అని. ఎవరూ ఇవ్వరు. మనకు మనమే వెతుక్కోవాలి. ఫోన్ చేయాలి, మెసేజ్ పెట్టాలి, కలిసి ఆడదామా అని అడగాలి. ఇద్దరి ర్యాంకులు కలిపి చూసి టోర్నమెంటులో చోటిస్తారు గానీ, ర్యాంకు మాత్రం ఎవరిది వాళ్లదే. జోడీ విడిపోయినా పాయింట్లు నీతోనే వస్తాయి. జోడీ కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటారు, ఆ ఇంకొకరు మొన్నటి దాకా ఎదురు కోర్టులో ఉన్నవాళ్లే కావచ్చు. కఫీల్ లేడు, బాండ్ లేదు. అదొక సుఖం. నెల జీతం కూడా లేదు, అదొక కష్టం. గెలిస్తేనే డబ్బు, టికెట్లూ కోచ్ ఖర్చులూ సొంతం. డబుల్స్ ప్రైజ్ మనీ సింగిల్స్ కంటే బాగా తక్కువ, అందులోనూ ఇద్దరూ పంచుకోవాలి. తమ్ముడు జీతం తగ్గుతుందని చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. ఆమెకీ ఆ తగ్గుదల ఉంది.

సానియా ఎంతమందితో ఆడిందో చూడండి. 2011లో రష్యా అమ్మాయి వెస్నినాతో ఇండియన్ వెల్స్ గెలిచింది. అదే జోడీ ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కి పోయి, చెక్ జోడీ హ్లవచ్కోవా, హ్రదెత్‌స్కా చేతిలో ఓడింది. తర్వాత జింబాబ్వేకి చెందిన కారా బ్లాక్‌తో ఆడి 2014 డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. మిక్స్‌డ్‌లో మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్, బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్ ఓపెన్. అప్పటికి మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ ఒక్కటీ లేదు.

2015 మార్చిలో మార్టినా హింగిస్ కలిసింది. స్విట్జర్లాండ్ ఆవిడ, ఒకప్పుడు సింగిల్స్‌లోనే ప్రపంచ నంబర్ వన్. ఆవిడకి బలం తక్కువ, తెలివి ఎక్కువ. నెట్ దగ్గర చెయ్యి భలే మెత్తగా ఆడుతుంది. సానియా వెనక నుంచి ఫోర్‌హ్యాండ్‌తో బాదితే ఎదుటివాళ్లు ఎలాగో తిరిగి పంపుతారు, ఆ బలహీనమైన బంతిని హింగిస్ ముగిస్తుంది. ఒకరికి లేనిది ఇంకొకరికి ఉంది. కలిసి ఆడిన మొదటి మూడు టోర్నమెంట్లు, ఇండియన్ వెల్స్, మయామీ, చార్లెస్టన్, మూడూ గెలిచారు. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్ వన్ అయింది. భారత మహిళ ఎవరికీ అంతకు ముందు ఆ స్థానం రాలేదు.

ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్. ఎదురుగా మకరోవా, పాత జోడీ వెస్నినా. మొదటి సెట్టు 5-7 పోయింది. రెండోది టైబ్రేక్‌లో గెలిచారు. మూడో సెట్టులో 2-5 వెనకబడ్డారు. ఇంకో గేమ్ పోతే అయిపోయినట్టే. అక్కడి నుంచి లాగి 5-5 చేశారు. చీకటి పడుతోందని అప్పుడు ఆట ఆపి, పైకప్పు మూసి, లైట్లు వేశారు. తిరిగొచ్చి రెండు గేములూ గెలిచేశారు, 7-5. ఆ మూడో సెట్టు నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. వైఫై ఉన్నప్పుడు వెతికి చూడండి, 5-2 దగ్గర నుంచి మొదలుపెట్టండి చాలు.

ఆపై యూఎస్ ఓపెన్, డబ్ల్యూటీఏ ఫైనల్స్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. ఆ మెల్‌బోర్న్ ఫైనల్లో ఓడింది ఎవరు? 2011లో పారిస్‌లో సానియాను ఓడించిన ఆ చెక్ జోడీయే. వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు సానియా, హింగిస్. ఆ వరస తెగింది మన పక్కనే, దోహాలో, 2016 ఫిబ్రవరిలో. మొదటి సెట్టు గెలిచి, రెండోది పోగొట్టుకుని, సూపర్ టైబ్రేక్‌లో ఓడారు. అవతల కసట్కినా, మళ్లీ ఆ వెస్నినాయే. పొట్టి లెక్కల సంగతి పైన అందుకే చెప్పా.

ఆగస్టులో ఇద్దరూ విడిపోయారు. గెలవడం తగ్గింది, అంతే. గొడవ కోసం వెతికేవాళ్లకి నా దగ్గర మసాలా లేదు. విడిపోయిన వెంటనే సిన్సినాటి టోర్నమెంట్లో సానియా చెక్ అమ్మాయి స్ట్రిచోవాతో దిగింది, హింగిస్ అమెరికా అమ్మాయి వాండెవెఘేతో దిగింది. ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. సానియా గెలిచింది. అప్పటిదాకా ఇద్దరూ కలిసి పంచుకుంటున్న నంబర్ వన్ అప్పుడు ఆమె ఒక్కదానిదైంది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. కెరీర్ మొత్తం డబుల్స్ టైటిళ్లు 43.

ఓడినవి కూడా చెప్పాలి. ఒలింపిక్ పతకం రాలేదు. 2016 రియోలో బోపన్నతో మిక్స్‌డ్ సెమీస్ దాకా వెళ్లి ఓడింది, కంచు పతకం మ్యాచ్ కూడా పోయింది. నాలుగో స్థానం. మన ఊళ్లో జనానికి నాలుగో స్థానం లెక్కలోకి రాదు కదా. ఏషియన్ గేమ్స్ మాత్రం బాగానే అచ్చొచ్చాయి. 2006లో దోహాలో పేస్‌తో మిక్స్‌డ్ బంగారం, 2014లో ఇంచియాన్‌లో మన ఆంధ్రా కుర్రాడు సాకేత్ మైనేనితో ఇంకో బంగారం.

2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చి, మొదటి టోర్నమెంటే హోబార్ట్‌లో ఉక్రెయిన్ అమ్మాయి కిచెనోక్‌తో గెలిచింది. ఆఖరి మ్యాచ్ ఇక్కడే దుబాయ్‌లో, 2023 ఫిబ్రవరి 21, మంగళవారం. మాడిసన్ కీస్‌తో ఆడి మొదటి రౌండ్‌లోనే ఓడింది, 4-6, 0-6. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నా. గర్హూద్ స్టేడియం మా సైట్ నుంచి అరగంట దూరం. ఫోన్లో స్కోరు చూస్తూ 0-6 కనిపించినప్పుడు, పోకపోవడమే మంచిదైంది అనుకున్నా. ఇప్పుడు మాత్రం పోవాల్సింది అనిపిస్తోంది. 2005లో అదే ఊళ్లో కుజ్నెత్సోవాను ఓడించిన మనిషి కదా.

తమ్ముడికి నేను ఫోన్లో చెప్పింది ఇక్కడ కూడా రాస్తా, ఎందుకంటే ఇట్లాంటి మెసేజ్‌లు ఇంకా రెండు వచ్చాయి. సానియాతో నిన్ను పోల్చను, ఆమెకు ఫిజియోలు ఉన్నారు, నీకు అయోడెక్స్ ఉంది. కానీ మణికట్టు ఆమెదైనా నీదైనా ఒకటే, పోతే మళ్లీ రాదు. డాక్టరు కాగితం మీ హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా ఇచ్చావా, కాపీ ఉంచుకున్నావా అని అడిగా. ఇవ్వలేదట. నోటిమాటగా ఫోర్‌మన్‌కి చెప్పాడట. ముందు అది చెయ్యమన్నా. రెండోది, ట్రైనింగ్ అయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ నీ పేరు మీదా, కంపెనీ దగ్గరే ఉంటుందా కనుక్కోమన్నా. నీ పేరు మీదైతే, ర్యాంకు లాగా అది నీతో వస్తుంది. ఈ కంపెనీ కాకపోతే ఇంకో కంపెనీ.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాయినకు ఏం చెప్పాల్నే, పని తగ్గించిన్రనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, మీలో ఎవరికైనా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, వినిపిస్తా. వాడు శుక్రవారం లోపు కంపెనీకి చెప్పాలట.