మాయాయుద్ధమున శక్తుల కలయిక - దాని కట్టుబాట్లు

మిర్యాలగూడలో ఇంద్రజిత్తు వధను పాఠముగా చెప్పుచుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. ఇంద్రజిత్తునకు యజ్ఞబలము కలదు, మాయ కలదు, బ్రహ్మాస్త్రము కలదు. ఇన్ని కలవాడు ఒక్క బాణముతో ఎట్లు కూలెను? ఎక్కువ శక్తులను కూర్చుకొన్నవాడే గెలువవలెను గదా! అప్పటికి మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. యుద్ధకాండను, యుద్ధపర్వములను అతిశయోక్తుల రాశి యని త్వరత్వరగా దాటిపోవుట అధ్యాపకులమైన మాకు అలవాటయినది. ఆ దాటవేతలో మన పూర్వుల నియమబద్ధమైన ఆలోచన యొకటి విద్యార్థికి అందకుండ పోవుచున్నదని మా యభిప్రాయము.

ముందుగా శక్తుల మూలములను వేఱుపఱచి చూడవలెను. పతంజలి యోగసూత్రములలో కైవల్యపాదపు మొదటి సూత్రము సిద్ధులకు ఐదు మూలములను చెప్పినది: జన్మము, ఓషధి, మంత్రము, తపస్సు, సమాధి. లోకవ్యవహారమున "మణి మంత్రౌషధములు" అను మాట కలదు. ఇతిహాసములలోని యుద్ధములకు ఈ రెండు పట్టికలును చాలవఱకు సరిపోవును. ఘటోత్కచుని మాయ జన్మసిద్ధము. అస్త్రము మంత్రసిద్ధము. వరము తపఃఫలము. బభ్రువాహనుని చేత పడిన అర్జునుని బ్రదికించినది ఉలూపి తెప్పించిన నాగమణి. ఈ పట్టికలకు చేరని సత్యవాక్కు మఱియొక బలముగా నిలుచుచున్నది.

ప్రతి మూలమునకును వేఱువేఱు కట్టుబాటు కలదు. రాక్షసమాయకు రాత్రి బలము. మంత్రమునకు గురుభక్తి, నిగ్రహము, స్మరణ కావలెను. గురువును వంచించి నేర్చిన బ్రహ్మాస్త్రము అవసరకాలమున కర్ణునకు స్ఫురింపలేదు. ఓషధి దాని కొండపైననే దొరకును. యజ్ఞము ముగిసిననే ఫలించును. కావున రెండు శక్తులను కలిపినవాడు రెండు బలములనే కాక రెండు బలహీనతలను కూడ తెచ్చుకొనుచున్నాడు. ఇదియే మేము ప్రతిపాదింపదలచిన విషయము.

ఇంద్రజిత్తు కథ దీనికి చక్కని నిదర్శనము. మొదటి పోరున అతడు అదృశ్యుడై నాగులను శరములుగా మార్చి రామలక్ష్మణులను బంధించెను. ఆ బంధమును విడిపించినది మఱియొక అస్త్రము కాదు. పాములకు పుట్టుకతోడనే శత్రువైన గరుడుని రాక. రెండవ పోరున మఱల అదృశ్యుడై బ్రహ్మాస్త్రమును కూర్చెను. ఈసారి మంత్రమునకు మంత్రము ఎదురు నిలువలేదు. జాంబవంతుని ఉపదేశముతో హనుమంతుడు మృతసంజీవని మొదలగు నాలుగు ఓషధులు గల పర్వతమునే తెచ్చెను. రెండు తావులందును ఒక మూలమునుండి వచ్చిన దెబ్బను వేఱొక మూలము మాన్చినది.

మూడవసారి వానరపక్షము దెబ్బకొఱకు వేచియుండక దాని మూలమునకే పోయెను. నికుంభిల హోమము ముగియకముందు ఎదిరించినవాని చేతనే ఇంద్రజిత్తునకు చావు కలదని విభీషణుడు ఎఱుగును. హోమము చెడినది; అతడు వెలుగులోనికి రావలసివచ్చెను. పిదప జరిగినది సమాన యుద్ధము. లక్ష్మణుని వారుణమును ఇంద్రజిత్తు రౌద్రముతోను, అతని ఆగ్నేయమును లక్ష్మణుడు సౌరముతోను, ఆసురమును మాహేశ్వరముతోను అణచిరి. అస్త్రమునకు అస్త్రము సరిపోయినచోట తీర్పు లేదు. తుదకు లక్ష్మణుడు ఐంద్రాస్త్రమును సంధించి, రాముని ధర్మమును, సత్యమును, పౌరుషమును సాక్షిగా నిలిపి విడిచెను. మంత్రమునకు సత్యవాక్కు తోడయిన ఈ కలయికకు ఎదురు లేకపోయెను. విద్యార్థి చెప్పిన ఆ "ఒక్క బాణము" నిజమునకు ఒక్కటి కాదు.

భారతయుద్ధమున పదునాలుగవనాటి రాత్రి జరిగిన పోరు వేఱొక పాఠమును చెప్పుచున్నది. ఘటోత్కచుని మాయను కర్ణుడు దివ్యాస్త్రములతో పలుమాఱు చెదరగొట్టెను. అయినను మాయ మఱల మఱల లేచెను. కౌరవసేన మొఱపెట్టగా, అర్జునునికొఱకు దాచిన ఇంద్రశక్తిని కర్ణుడు ప్రయోగింపక తప్పలేదు. అది ఒక్కసారికే పనికివచ్చునది; దానికి మూల్యముగా అతడు కవచకుండలములను అంతకుముందే ఇచ్చియుండెను. ఘటోత్కచుడు పడెను, కాని శత్రువు నిధి ఖాళీ యయ్యెను. కృష్ణుని సంతోషమునకు కారణమిదియే.

కలయిక పనిచేయని తావు కూడ కలదు. ద్రోణుని మరణానంతరము అశ్వత్థామ నారాయణాస్త్రమును వదలగా, ఆయుధము విడిచి వాహనము దిగుటయే రక్షణమని కృష్ణుడు చెప్పెను. భీముడు వినలేదు. అర్జునుడు అతనిని వారుణాస్త్రముతో కప్పెను; ఆ కప్పు చాలలేదు. కృష్ణార్జునులు ఆ మంటలోనికి పోయి భీముని రథమునుండి లాగవలసివచ్చెను. శక్తిపై శక్తిని పేర్చుటకు ఇతిహాసము విధించిన హద్దు ఇది. సౌప్తిక కథలో బ్రహ్మశిరోస్త్రమును అర్జునుడు ఉపసంహరింపగలిగెను, అశ్వత్థామ చేయలేకపోయెను. మంత్రము ఇద్దఱికి నొక్కటియే. నిగ్రహము మాత్రము ఒక్కనికే కలదు.

ఈ తర్కము పండితకావ్యములకే పరిమితము కాదు. బుఱ్ఱకథగా వ్యాపించి, 1942లో చలనచిత్రముగా కూడ వచ్చిన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరును ఏ మంత్రమును గెలువలేదు. అతని ప్రాణము సప్తసముద్రముల కావలి చిలుకలో నున్నది; బాలవర్ధిరాజు ఆ చిలుకను పట్టెను. నికుంభిల హోమమును చెఱచుటయు, చిలుకను పట్టుటయు నొకే యుపాయము. సంస్కృతము చదువని కథకుడును ఆదికవి పాటించిన నియమమునే పాటించుచున్నాడు.

సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి ఆలయములలోని కాకతీయ కాలపు వర్ణచిత్రములలో క్షీరసాగర మథనము కలదు. కడలిలో వేసిన ఓషధులు, వాసుకి బలము, శత్రువుల పొత్తు కలిసి అమృతమును పుట్టించినవి; దాని పంపకమును నిర్ణయించినది మోహిని మాయ. విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయి, ఏ శక్తి ఎచ్చట ఆగినదో చెప్పించిన మంచిది. తిక్కన ద్రోణపర్వమును, ద్విపదలోని రంగనాథ రామాయణమును, ఈ ప్రాంతపు కథకుల నోటి కథలను ప్రక్కప్రక్కన నుంచి శక్తి, మూలము, కట్టుబాటు, మూల్యము అను నాలుగు గళ్ల పట్టికను వ్రాసిన పరిశోధకునకు విలువైన ఫలితము లభించునని మా నమ్మకము.

ఆ విద్యార్థికి ఇప్పుడు మేము చెప్పగల సమాధానమిది: ఇంద్రజిత్తు శక్తులు తక్కువై ఓడలేదు. అతని శక్తులన్నియు ముగియని ఒక హోమముపై ఆధారపడియుండెను. ఆ సంగతి ఎఱిగినవాడు ఎదుటి పక్షమున నుండెను.