అటవీ అంచు కంది – స్థానిక రకాల సంరక్షణ, లక్షణ నిర్ధారణ

ఖమ్మం నుండి భద్రాచలం అడవుల వైపు సాగే నేలల్లో తల్లాడ ప్రాంతం ఒకటి. ఈ మైదానంలో వరి, పత్తి, మిరప విస్తరించిన కొద్దీ, ఒకప్పుడు జొన్నతో కలిపి వేసిన దేశవాళీ కంది, బొబ్బర, అనుము, ఉలవ వంటి పప్పుధాన్యాలు మెరక చేలకు, అడవి అంచు పల్లెలకు పరిమితమవుతున్నాయి.

ఏజెన్సీలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు తరతరాలుగా సొంత విత్తనాన్ని దాచుకొంటున్నాయి. అయితే కందికి దాచుకోవడం ఒక్కటే చాలదు. పెసర, మినుము ప్రధానంగా స్వపరాగ సంపర్క పంటలు. కందిలో తేనెటీగల వలన సగటున 20 శాతం వరకు పరపరాగ సంపర్కం జరుగుతుంది. పక్క చేలో వేరొక రకం ఉంటే కొన్నేళ్లకు పాత పేరు మిగులుతుంది గాని, రకం మిగలదు. గాదె నిండుగా ఉండగానే జరిగే ఈ నష్టం రైతు కంటికి వెంటనే కనిపించదు.

కావున సేకరణతో పాటు లక్షణ నిర్ధారణ అవసరం. మొక్క ఎదిగే తీరు, 50 శాతం పూతకు పట్టే రోజులు, పూరేకులపై చారలు, కాయ రంగు, గింజ రంగు, నూరు గింజల బరువు నమోదు చేయాలి. పప్పు ఉడికే తీరు, రుచి, నిల్వ గుణం గురించి రైతు మహిళలు చెప్పే వివరాలనూ జతపరచాలి. విత్తనాన్ని ఒకటి రెండు మంచి మొక్కల నుండి కాక, చేనంతటి నుండి సేకరించాలి. తిరిగి పెంచేటప్పుడు ఇతర కంది చేలకు దూరం పాటించాలి. ధ్రువీకరణ విత్తనోత్పత్తికే కనీసం 100 మీటర్ల ఎడం అవసరం.

ఈ శ్రమకు ఫలితం ఉన్నది. ఎండు తెగులును తట్టుకొనే ‘మారుతి’ (ఐ.సి.పి. 8863) రకం స్థానిక కంది నుండి ఎంపిక చేసినదే. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతులు తమ రకాలను నమోదు చేయించుకోవచ్చు. విశిష్ట లక్షణాల వివరాలు లేనిదే ఆ హక్కును నిరూపించుకోవడం కష్టం.

జిల్లాలోని మధిర వ్యవసాయ పరిశోధనా స్థానం పెసరలో మేలైన రకాలను అందించింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధి కూడా రాష్ట్రంలోనే ఉన్నాయి. ఒక భాగం శీతల గిడ్డంగిలోను, మరొక భాగం రైతు చేలోను నిలిచినప్పుడే స్థానిక రకం సురక్షితం. గిడ్డంగి విత్తనానికి ప్రాణం నిలుపుతుంది. మారుతున్న వానలకు, తెగుళ్లకు దానిని అలవాటు చేసేది చేను మాత్రమే.